రానివాళ్ళు నయమైనవాళ్ళు కారు

తేదీ లేని మాటను నేను నమ్మను. ఉద్యోగకాలమంతా కళాశాలలో గణాంకశాస్త్రం బోధించినవాణ్ణి. అందుకే కర్నూలులోని ఒక ఆసుపత్రివారు తమ పరిశోధన ఫలితాలను సరిచూసి సంతకం పెట్టమని నన్ను పిలిచారు. ఎముక విరిగి, చర్మాన్ని చీల్చుకొని బయటికొచ్చిన కాళ్ళకు ఆపరేషన్ చేసేటప్పుడు గాయంలో మందు పొడి చల్లితే, తర్వాత చీము పట్టడం తగ్గుతుందా అన్నది వారి ప్రశ్న. మంచి ప్రశ్నే. జవాబు చూస్తేనే ఒళ్ళు మండింది.

పొడి చల్లిన రోగుల్లో దాదాపు అందరికీ ‘నయమైంది’ అని రాశారు. ఆ మాట పక్కన పరీక్షించిన తేదీ ఉండాలి. చాలామందికి లేదు.

“తేదీలేవి?” అని పరిశోధన నడుపుతున్న డాక్టరును అడిగాను.

“వాళ్ళు మళ్ళీ రాలేదు సార్.”

“రాకపోతే నయమైందని ఎట్లా రాశారు?”

“బాగలేకుంటే వాళ్ళే పరుగెత్తుకొస్తారు సార్. మన జనం సంగతి మీకు తెలియనిదా?”

మన జనం సంగతి! ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడటం నాకు చేతకాలేదు. రానివారిలో ఒకరి ఇంటికి నాతో రమ్మన్నాను. ఇష్టం లేకపోయినా, సంతకం కావాలి గనుక ఆయన వచ్చాడు.

బేతంచెర్ల దగ్గర నాపరాతి గనిలో బండ జారి కాలు నలిగిన కూలీ ఇల్లు అది. వసారాలో మంచంమీద ఉన్నాడు. కాలికి గుడ్డుసొన పట్టించిన గుడ్డ, దానిమీద వెదురు దబ్బలు. వసారా ఎక్కకముందే వాసన తగిలింది.

“ఆసుపత్రికి ఎందుకు రాలేదమ్మా?” అని అతని భార్యను అడిగాను.

“ఎందుకు సార్? చెడునీళ్ళు పోతాండాయి గదా. అంతా పోతే మానుతాదని ఈడనే కట్టు కట్టిస్తిమి.”

గాయం కారుతుంటే మంచిదనీ, కారడం ఆగితేనే ప్రమాదమనీ మా వైపు నమ్మకం. ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిన డాక్టరుకు ఇది తెలియదంటే నేను ఒప్పుకోను.

“మీ కాలు నయమైందని రాసుకున్నారు వీళ్ళు,” అని మంచంమీదున్న అతనితో అన్నాను.

ఆ మనిషి నవ్వాడు. “ఏమప్పా డాక్టరూ, నయమైన కాలు ఇంత కంపు కొడతాదా? మీరొచ్చి చెప్పకపోతే నాకు తెలియకనే పోతుండె!”

డాక్టరు మంచం దగ్గరికి వెళ్ళాడు. వంగి కట్టు విప్పి చూసి, వెంటనే అంబులెన్సుకు ఫోను చేశాడు.

కుళ్ళిన ఎముక ముక్కను తీసేశారు. కాలు దక్కింది. మోకాలు మాత్రం ఇక వంగదన్నారు. గనిలో బండ ఎత్తే పని ఆయనకు పోయినట్టే.

తర్వాత డాక్టరు సవరించిన ఫలితాలు తెచ్చాడు. సవరించింది ఆ కూలీ ఒక్కడి వరుసనే.

“మిగిలినవాళ్ళు?”

“అందరి ఊళ్ళకూ తిరగాలంటే ఎట్లా సార్? గడువు దగ్గరపడింది.”

ఈ పొడిని నమ్మి రేపు రాజంపేటలోనో ఆదోనిలోనో మరొకరి కాలిలో చల్లుతారు, కుట్లు వేసి ఇంటికి పంపుతారు. కాగితాలు ఆయన వైపు తోశాను. అందరినీ చూసి, తేదీలు వేసి తెమ్మన్నాను. వేరే ఎవరితోనైనా సంతకం చేయించుకుంటామని వెళ్ళిపోయాడు.