పిల్లకు తేనె పెట్టని పిట్ట

నిన్న మా కోడలు పలాస బజారు నుంచి అరటిపువ్వు తెచ్చింది. వలిచే ఓపిక తనకు లేదంది. నాకూ లేదు. కానీ కూర్చుని చేసే పని కదా అని పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. చేతులకు నూనె రాసుకుని ఒక్కొక్క డొప్పా విప్పుతున్నాను. జిగురు నూనెను లెక్కచేయదు, వేళ్ళు నల్లబడుతూనే ఉన్నాయి. లోపలి వరుసలో ఒక పువ్వు మొదట తేనె బొట్టు చేతికి తగిలింది. చిన్ననాటి అలవాటు, నాలుక మీద వేసుకున్నాను. ముందు వగరు, ఆ వెనక తీపి. ఆ తీపి తగలగానే దాలమ్మత్త గుర్తుకొచ్చింది. ఆవిడతో పాటు ఆ వేసవి అంతా గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా గుర్తుకొచ్చేది అలసటే.

దాలమ్మత్త నాకు చుట్టం కాదు. మా ఆయనకు జలంత్రకోట బడిలో పని దొరికినప్పుడు మేము అద్దెకు దిగిన ఇల్లు ఆవిడది. అవి పందొమ్మిది వందల యాభైల నాటి రోజులు. ఆ ఊళ్ళో బడిపంతులుకు ఇల్లు దొరకడమే కష్టం. ముందు రెండు గదులు మాకిచ్చి వెనక భాగంలో ఆవిడ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పెరడు దాటితే ఆవిడ కొబ్బరి తోట, చెట్ల మధ్య అరటి, ఆ చివర జీడిమామిడి. భారీ మనిషి. మోకాళ్ళు పట్టేసి వెనక పంచలో పీట మీద కూర్చుంటే మళ్ళీ లేవడానికి స్తంభం పట్టుకోవాలి. మాట మెత్తన కాదు. పలకరింపుగా నవ్వడం కూడా నేను చూడలేదు. నేను టెక్కలిలో గుమాస్తా ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, పద్దెనిమిదేళ్ళ కొత్త కాపురం. మొదటి నెలంతా ఆవిడ ఎదురుపడకుండా తప్పుకుని తిరిగాను.

మా మధ్య మొదటి మాట గూడు దగ్గర పడింది. వెనక పంచలో బట్టలారేసుకునే దండెం కొసన ఏదో చెత్త వేలాడుతోంది. ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, బూజు అన్నీ కలిసి ఉండలా చుట్టుకున్నాయి. చీపురు తిరగేసి దులపబోయాను.

“సెయ్యి తియ్యి. అది సెత్త కాదు, గూడు” అంది పీట మీద నుంచి.

“మరి బట్టలెక్కడ ఆరేసుకోమంటారు?”

“ఇంకో దండెం కట్టుకో. గుడ్లెట్టీసినాక అది ఇంకో గూడు కట్టుకోలేదు గదా.”

దగ్గరికెళ్ళి చూస్తే నిజమే. పక్కన చిన్న కన్నం, దాని మీద వానకు చూరులాగా ముందుకు వచ్చిన ఆకు పీలిక. అది తేనెపిట్ట గూడు. బొటనవేలంత పిట్ట. ఆడది పసుపు బూడిద కలిసిన రంగు, మగది ఎండలో నీలంగా మెరిసే నలుపు. ఆ రోజు మొదలు పని లేనప్పుడు నేనూ పంచలో కూర్చునేదాన్ని. ఆవిడ మాట్లాడేది తక్కువ. మాట్లాడితే పిట్ట సంగతే. అరటిపువ్వు డొప్ప పైకి లేవగానే తలకిందులుగా వేలాడి అది ముక్కు లోపలికి పెట్టడం, తన చెట్టు దగ్గరికి ఇంకో పిట్ట వస్తే తాగడం మానేసి తరిమి రావడం, అన్నీ ఆవిడ చూపిస్తేనే చూశాను. ఒకసారి మందార దగ్గర దాన్ని చూపించింది.

“ఆ పువ్వు లోతుకి దాని మూతి అందదు. అందుకని ఎనక నుంచి కన్నమెట్టి తాగీత్తాది. దొంగముండ.”

“ఎప్పుడు చూసినా తాగుతూనే ఉంటుందే” అన్నాను.

“తాగాలి మరి. తేనెకి ఎంత సేపు ఆగుతాది కడుపు? ఒక్క పూట ఊరుకుంటే పేణముండదు దానికి.”

ఆ శీతాకాలం పురిటికి టెక్కలి వెళ్ళాను. ఆడపిల్ల. మూడో నెల నిండాక, ఎండలు ముదురుతుండగా, మా ఆయన వచ్చి మమ్మల్ని తీసుకొచ్చాడు. సుమ్మాదేవి స్టేషన్‌లో ఎదుటి బండి కోసం మా పాసింజరును చాలాసేపు ఆపేశారు. పెట్టె రేకు కాలిపోతోంది. పెద్దవాళ్ళే తట్టుకోలేక దిగి వేపచెట్టు కిందకు పోయారు. మా పిల్ల మాత్రం నా ఒళ్ళో కళ్ళు సగం మూసుకుని పడుకుంది. సోంపేట చేరేదాకా ఒక్కసారి ఏడవలేదు. పెట్టెలో ఉన్న ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు. ఎంత నెమ్మదైన పిల్లని కన్నావమ్మా అన్నారు. నేను మురిసిపోయాను.

మా అమ్మ నన్ను గట్టి పథ్యంలో పెట్టి పంపింది. ఒంటిపూట అన్నం, కారప్పొడి, నెయ్యి. మంచినీళ్ళు ఎక్కువ తాగితే బాలింతకు ఒళ్ళు నీరెక్కుతుందని చెంబులో సగమే. నాకు పాలు చాలేవి కావు. అందుకు తేనె సీసా ఒకటి సంచిలో సర్ది ఇచ్చింది. పిల్ల ఏడిస్తే తేనెనీళ్ళలో గుడ్డ వత్తి ముంచి నోట్లో పెట్టమంది. మా అమ్మ చెడు కోరి చెప్పలేదు. తనకు ఎవరు చెప్పారో, వాళ్ళకు ఎవరు చెప్పారో. వత్తి పెడితే పిల్ల చప్పరించి నిద్రపోయేది. నాకూ నిద్ర కావాలి. నిలబడే నిద్రపోతున్నట్టుండేది నాకు ఆ రోజుల్లో. నూతి దగ్గర చేద వదిలేసి ఎందుకొచ్చానో మరిచిపోయేదాన్ని.

వచ్చిన మర్నాడు దాలమ్మత్త పిల్లను చూపించమంది. ఒళ్ళో వేసుకుని లంగోటా విప్పింది. తొడల మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది ముడత పడి అలాగే ఉండిపోయింది. మాడు మీద అరచెయ్యి పెట్టింది. చిటికెన వేలు నోట్లో పెడితే పిల్ల చప్పరించలేదు.

“ఎన్నిసార్లు తడుపుతంది?” అంది.

నేను ఆలోచించాను. ముందు రోజు బండిలో మార్చిన గుడ్డ తర్వాత ఇంకోటి మార్చిన గుర్తు లేదు.

“ఏటెడతన్నావు దీనికి?”

చెప్పాను. తేనె సీసా తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. దాన్ని తన పీట కింద పెట్టుకుంది. ఆ తర్వాత ఆ సీసాను నేను మళ్ళీ చూడలేదు.

అప్పటికి దండెం కొసన మళ్ళీ గూడు కట్టి ఉంది. లోపల గుడ్లు పిల్లలై కొన్ని రోజులైంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని చూడమంది. ఆడపిట్ట అరటిపువ్వు మీద తాగుతోంది. తాగింది, ఎగిరింది, కొబ్బరి మట్ట అడుగున దేన్నో పొడిచి పట్టుకుని గూటికి వచ్చింది.

“మూతిలో ఏటుందో సూడు” అంది.

సాలీడు. కాళ్ళు ఇంకా కదులుతున్నాయి. కన్నంలోంచి ఎర్రటి నోళ్ళు తెరుచుకున్నాయి. కాసేపటికి మగది ఆకుపచ్చ పురుగుతో వచ్చింది. ఆ పొద్దంతా చూశాను. పెద్దవి తేనె తాగి బతికాయి. గూట్లోకి మాత్రం పురుగో సాలీడో తప్ప వేరే ఏదీ వెళ్ళడం నాకు కనిపించలేదు.

“ఒకపాలి గూట్లోంచి పడిపోయిన పిల్లనొకదాన్ని పెంచుదామని తేనెనీళ్ళు పోసినాను” అంది దాలమ్మత్త, నన్ను చూడకుండా. “మొదట అరిసీది. రెండు దినాలకి అరుపు మానీసింది. బాగుందనుకున్నాను. మూడో దినాన సచ్చిపోనాది. తీపి కడుపుని మోసం సేత్తాది గానీ ఒళ్ళు నిలబెట్టదు.”

తర్వాత నా వైపు తిరిగింది. “ముందు నువ్వు తిను. నువ్వు ఎండిపోతే దానికెక్కడి నుంచి వత్తాయి పాలు?”

ఆ రోజు నుంచి నా పథ్యం పోయింది. ఆవిడే వండేది. బారువ రేవు నుంచి పాలసొర చేప వస్తే పొడిపొడిగా పుట్టు చేసి పెట్టేది. వెల్లుల్లి, మునగాకు, రాగిజావ, మూడు పూటలా అన్నం. పక్కన నిండు చెంబు నీళ్ళు పెట్టి అది ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. పిల్ల కదిలినప్పుడల్లా పట్టమంది. పాలు వచ్చినా రాకపోయినా పట్టమంది.

ఆ వారం చెప్పనలవి కాదు. తీపి లేక పిల్ల ఏడుపు అందుకుంది. మొదట పిల్లికూనలా, తర్వాత గొంతెత్తి. తెల్లవారి మొదలుపెడితే పొద్దు వాలేదాకా అదే పని. పట్టీ పట్టీ నా రొమ్ములు పుళ్ళు పడ్డాయి. వాన పడక ముందటి ఉక్క, ఆ ఏడుపు, బడి నుంచి వచ్చిన మా ఆయన గది మధ్య నిలబడి చేతులు నలుపుకోవడం. నాలుగో రోజో ఐదో రోజో ఆయన ఓర్చుకోలేకపోయాడు. పంచలోకి వెళ్ళి ఆవిడను అడిగాడు.

“ఒక్క వత్తి పెడితే ఊరుకుంటుంది కదండీ. చూడలేకపోతున్నాను.”

“సూడలేకపోతే తోటలోకెల్లి కూసో మాస్టారూ. ఏడనీ. ఏడవడానికైనా బలముండాల గదా, ఆ బలం వచ్చింది దానికి.”

ఆయన నిజంగానే వెళ్ళి జీడిమామిడి చెట్ల కింద కూర్చున్నాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. కోపం చూపించడానికి కూడా శక్తి లేక గోడకు ఆనుకుని పిల్లను పట్టుకున్నాను. అలా పట్టుకునే నిద్రపోయాను. లేచేసరికి నా చీర తడిసి ఉంది, పిల్ల పక్కబట్ట తడిసి ఉంది. పిల్ల మూతి పక్కన పాలు కారి ఎండాయి. దాలమ్మత్త గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. ఆ మోకాళ్ళతో ఎలా కూర్చుందో. “తడిపింది” అన్నాను. ఆవిడ తల ఊపింది. స్తంభం అక్కడ లేదు, లేవలేకపోయింది. నేను లేపాను.

పిల్ల కోలుకోవడం ఒక్కరోజు పని కాలేదు. బుగ్గలు కనిపించేసరికి నెల పైనే పట్టింది. ఆ నెలలోనే ఒక పొద్దున జెముడుకాకి వచ్చి గూడు చీల్చేసింది. మేము కర్ర పట్టుకుని పరుగెత్తేసరికి పని అయిపోయింది. చిరిగిన గూడు దండేనికి గుడ్డ పీలికలా వేలాడుతోంది. కాసేపటికి తల్లిపిట్ట పురుగు పట్టుకుని వచ్చింది. కన్నం ఉండే చోటు చుట్టూ ఎగిరింది, దండెం మీద వాలింది, మళ్ళీ ఎగిరింది. పురుగును మింగదు, వదలదు. ఎంతసేపు అలా తిరిగిందో. చివరకు తోటలోకి పోయింది.

మర్నాడు అది అరటిపువ్వు మీద ఉంది. తలకిందులుగా వేలాడి తాగుతోంది.

“అప్పుడే తినేస్తోంది” అన్నాను. నా గొంతులో ఏదో నిందలాంటిది ఉండి ఉంటుంది.

“తినకపోతే ఏటి సేత్తాది” అంది దాలమ్మత్త. తర్వాత పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. “ఆ పిట్టపిల్ల అబద్దం. నాను పిట్టపిల్లనెప్పుడూ పెంచలేదు.”

నేను ఆవిడ వైపు తిరిగాను.

“నాకూ ఒక గుంట ఉండీది. నీ పిల్లంతది. మా అత్త సెప్పింది, నాను ఎట్టినాను. ఏడుపు మానీసింది. ఎంత బుద్దిమంతురాలోనని ఈదంతా సెప్పుకున్నారు. నాకూ నిద్ర పట్టీది.” చీర కొంగుతో మెడ తుడుచుకుంది. “పోయినాక ఈ పంచలోనే కూసున్నాను. పని సెయ్యను, తినను. ఎదర ఈ పిట్టలే. తేనె తాగే పిట్ట దాని పిల్లకి పురుగెడతంది. అది సూసినాక తెలిసింది నాకు. తెలిసి ఏటి లాబం.”

నేను ఒళ్ళో ఉన్న పిల్లను ఆవిడ ఒళ్ళో పెట్టాను. పిల్ల ఆవిడ ముక్కు పట్టుకుని లాగింది. ఆవిడ లాగనిచ్చింది. ఆ మాట మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు. ఊళ్ళో ఎవరికీ నేను చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఇప్పుడు రాస్తున్నాను, అందరూ పోయారు కనుక.

మరో రెండేళ్ళకు మా ఆయనకు టెక్కలి బదిలీ అయింది. సామాను బండికెక్కిస్తుంటే దాలమ్మత్త పంచలోంచి కదలలేదు. నేనే వెళ్ళి కాళ్ళకు దండం పెట్టాను. “ఎల్లు, బండాయన ఆగలేడు” అంది. తర్వాత రెండుసార్లు వెళ్ళి చూశాను. మూడోసారి వెళ్ళేసరికి ఆవిడ లేదు. తోట మరుదుల పిల్లల చేతికి వచ్చింది. వాళ్ళు మర్యాదగా కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. తాగి వచ్చేశాను. మా అమ్మాయికి ఇప్పుడు మనవలున్నారు. తను ఎలా బతికిందో తనకు సగమే తెలుసు.

ఆ తర్వాత నాకు ఇంకా ముగ్గురు పుట్టారు, మనవలొచ్చారు, ఎన్నో ఇళ్ళు మారాము. పిల్ల ఏడుపు నన్ను ఎన్నడూ భయపెట్టలేదు. పసిపిల్ల ఉన్న ఇంట్లో చప్పుడు లేకపోతేనే నాకు కాలు నిలవదు. ఆ అలవాటు వల్ల మాటలు పడ్డాను. ఊళ్ళో సంగతులన్నీ ఈవిడకే కావాలన్నారు. మా కోడలు కూడా అంటుంది.

ఈమధ్య మా మేడ మీద వాటాలోకి ఒక జంట వచ్చింది. చంటిపిల్ల ఉంది. రెండు రోజులు చూశాను, ఏడుపు వినిపించలేదు. ఎందుకొచ్చిన గొడవ, ఈ కాళ్ళతో మెట్లెక్కడమా అనుకుని పడుకున్నాను. పడుకోలేకపోయాను. మెట్టు మెట్టుకూ ఆగి, కమ్మీ పట్టుకుని పైకి వెళ్ళి తలుపు తట్టాను. ఆ అమ్మాయి తలుపు సగం తెరిచింది. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళైందో. కళ్ళ కింద నల్లగా ఉంది.

“పాప పడుకుంది మామ్మగారూ” అంది.

“పడుకోనీ. నీ కోసమే వచ్చాను. పొద్దున్న నుంచి ఏమైనా తిన్నావా?”

ఆ అమ్మాయి తలుపు పూర్తిగా తెరిచి పక్కకు తప్పుకుంది. నేను లోపలికి వెళ్ళి పిల్ల పక్కన కూర్చున్నాను.