కొత్త బ్రేకరు మీద కర్పూరం

తిరువూరులో మా పిండిమర మొదలవ్వాల్సింది డెబ్భై ఆరు మార్చిలో. మా వారు ఏప్రిల్ అనేవారు. కాదు, ఉగాది ఇంకా రాలేదు. వినగడప, పెనుగొలను చేలనుంచి ఎండుమిరపకాయలు ఇళ్ళకు చేరాయి. ఆవకాయలు పెట్టేలోగా ఊరంతా కారం పట్టించుకుంటుంది. ఆ రోజులు దాటితే మళ్ళీ ఏడాదిదాకా మరకి అంత పని ఉండదు.

మోటారు, రాళ్ళు బిగించడం అయింది. మిగిలింది బ్రేకరు. మోటారు మీద బరువెక్కువైతే తనే కరెంటు ఆపేసే నల్లపెట్టె అది. బెజవాడ నుంచి తెప్పించాం. కరెంటు పని చేస్తున్న సాయిబుగారు మా వీధి ఆయనే. గోడకు చెక్క కొట్టి టీకి వెళ్ళారు.

మా పెద్దాడపడుచు కొత్త వస్తువేదీ హారతివ్వకుండా వాడనిచ్చేది కాదు. గోడకెక్కితే పెట్టె నిటారుగా ఉంటుంది, పైన ఏదీ నిలవదు. అందుకని నేలమీద ఉండగానే పసుపు రాసి, బొట్లు పెట్టి, పళ్ళెం వెతికే ఓపిక లేక కర్పూరం దానిమీదే వెలిగించింది. నేను పెరట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. కమురు వాసనకి పరుగెత్తుకొచ్చేసరికి పెట్టె పైభాగం పొంగి పగిలింది. మీట కదలలేదు.

సాయిబుగారు చూసి, ఇక పనికిరాదన్నారు. బెజవాడ షాపుకి ట్రంకాల్ చేస్తే సరుకు మద్రాసు నుంచి రావాలి, ఎప్పటికో చెప్పలేమన్నారు. పోనీ బ్రేకరు లేకుండానే తిన్నగా మోటారుకి కలిపేయమన్నారు మా వారు.

"కలపమంటే కలుపుతానండి. రాళ్ళు పట్టేస్తే మోటారు కాలుతుంది. అప్పుడు హారతి దానంతటదే అవుతుంది."

ఇంకో మోటారు కొనే స్తోమత మాకు లేదు.

"వద్దండి, కొత్తది వచ్చాకే బిగించండి," అన్నాను.

మర్నాటినుంచి ఆడవాళ్ళు బుట్టలతో వచ్చేవారు. అందరికీ ఒకటే జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. రెడ్డిగూడెం నుంచి వచ్చినావిడ బుట్ట దించకుండానే, "చూసుకోడానికి పెట్టారా అమ్మా మర?" అంది. మా ఇంటి కారం ఇంకో మరకి పంపడానికి మొహం చెల్లక రోట్లో దంచాం. తుమ్ముల మధ్య వదినగారు, "తిన్నగా కలిపించుంటే పోయేది," అంది. నేను రెండో రోకలి అందుకున్నాను.

బ్రేకరు వచ్చేసరికి ఊళ్ళో ఆవకాయ జాడీలకు వాసెన గుడ్డలు కట్టేశారు. సాయిబుగారు బిగించి మీట వేశారు. మర ఆడింది. గుమ్మంలో ఒక్క బుట్టా లేదు. ఊరికే తిరిగితే రాళ్ళు అరుగుతాయని ఆపేయించాను.