పాట అయ్యేదాకా కూర్చోమన్న సేటు

సేటు పోయాడన్న కబురు నాకు ఫోన్లోనే వచ్చింది. ఆ సమయానికి నేను మా కొత్త పాటను ఎంతమంది విన్నారో చూసుకుంటున్నాను. పొద్దున్నుంచి ఎన్నోసారి చూడటమో నాకే తెలియదు. తెర మీదికి మా గిటారిస్టు పెట్టిన మెసేజ్ జారింది. "మన సేటు పోయిండు రా. పొద్దుగాల." వేలితో దాన్ని పక్కకు నెట్టేసి మళ్లీ అంకె వైపే చూశాను. నాలుగైదు క్షణాలు గడిస్తేగానీ ఏం చదివానో బుర్రకెక్కలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి రాస్తూ మొదటి మాటే అబద్ధం ఎలా రాయను?

ఆయనది బేగంబజార్‌లో గిన్నెల దుకాణం. తాతల నాటిది. గుమ్మం దగ్గర్నుంచి స్టీలు బిందెలు, ఇత్తడి చెంబులు, పెళ్లి వంటలకు వాడే పెద్ద పెద్ద గంజులు, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. ఆ దారి చివర, లోపలి మూలలో రెండు క్యాసెట్లు పట్టే డెక్కు ఒకటి ఉండేది. గిన్నెలు ఆయన వ్యాపారం, ఆ మూల ఆయన పిచ్చి. ఇంట్లో వాళ్లకు ఆ మూల అంటే గిట్టేది కాదని తర్వాత తెలిసింది.

ఇంటర్నెట్ లేని రోజుల్లో మాలాంటి వాళ్ల పాట జనంలోకి ఎలా వెళ్లేదో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మేం నలుగురం, సంతోష్‌నగర్ వాళ్లం. నాన్నలవి సర్కారీ ఉద్యోగాలు. చర్చిలో గిటార్ నేర్చినవాడొకడు, పెళ్లి బారాత్‌లలో డప్పు కొట్టేవాడొకడు, చిన్న కీబోర్డు ఉన్నవాడొకడు, ఊరికే గొంతున్న నేను. పాటలు మేమే కట్టుకునేవాళ్లం. సినిమా పాట కాదు, భజన కాదు, దాన్ని ఏ కంపెనీ తీసుకుంటుంది? ఎవరో చెబితే సేటు దగ్గరికి వెళ్లాం. మాకు పేరు కూడా లేదు. ఆయనే క్యాసెట్ అట్ట మీద 'సంతోష్‌నగర్ పోరగాండ్లు' అని రాశాడు. ఇప్పుడు మా నలుగురిలో ఇద్దరం బీపీ మాత్రలు మింగుతున్నాం, అయినా పోరగాండ్లమే.

పాట కావలసినవాళ్లు ఖాళీ క్యాసెట్ పట్టుకొని దుకాణానికి వచ్చేవాళ్లు. ఆయన అందులోకి పాట ఎక్కించి, అట్ట మీద వాళ్ల పేరు రాసి ఇచ్చేవాడు. డెక్కుకు తొందరగా కాపీ తీసే మీట ఉండేది, సగం టైములో పని అయిపోతుంది. ఆ మీట మీద ఆయన టేపు అంటించేశాడు. "ఉరికించి తీస్తే పాట పల్చగైతది" అనేవాడు. పాట ఎంతసేపు ఉంటే అంతసేపూ కాపీ నడవాల్సిందే, తీసుకునేవాళ్లు బోర్లించిన గంజు మీద కూర్చొని మొత్తం వినాల్సిందే. ఎవరైనా లేవబోతే ఒకే మాట. "కూసో."

ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు పడింది నాకే. నాకు కాలు ఒకచోట నిలవదు. పాట నడుస్తుంటే గిన్నెల మీద వేళ్లతో కొట్టేవాణ్ని, చాయ్ అని బయటికి వెళ్లేవాణ్ని, ఎంతమంది తీసుకెళ్తారోనని అట్టలు లెక్కపెట్టేవాణ్ని. "నీ కాళ్లకు చక్రాలున్నయా? కూసో. నీ పాట నువ్వే ఇనకుంటే ఇంకెవలింటరు?" అనేవాడు. నేను నవ్వి తప్పించుకునేవాణ్ని.

అలా తీయడంలో ఇంకో సంగతి ఉంది. నలభై కాపీలు తీశాడంటే ఆ పాటను ఆయన నలభైసార్లు విన్నట్టే. మా పాటలు మాకంటే ఆయనకే బాగా తెలిసేవి. "రెండో చరణంల నీకు దమ్ము సరిపోతలేదు. బీడీ తాగుతున్నవా?" అని ఒకసారి మా నాన్న ముందే అడిగాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన లొల్లి ఇక్కడ రాయను.

మా మొదటి పాట మా ఇంటి ముందుగదిలోనే, నాన్న టేప్ రికార్డర్‌లో పాడాం. అంతకుముందు ఏడెనిమిదిసార్లు చెడిపోయింది. ఈసారి అంతా కుదిరింది. చివరి చరణంలో ఉన్నాం. ఇంకో రెండు పంక్తులు పాడితే అయిపోతుంది. అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ కేక వేసింది. "నల్లొచ్చింది! బిందెలు తీస్కరాండ్రి!" మా బస్తీలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, అదీ గంటసేపు. ఎవరూ ఆలోచించలేదు. గిటార్ మంచం మీద, డప్పు గోడకు, నలుగురం నాలుగు బిందెలతో వీధిలోకి పరుగు. నీళ్లు పట్టుకొని తిరిగొచ్చి చూస్తే టేపు ఇంకా తిరుగుతోంది. బిందెల చప్పుడు, అమ్మకూ పక్కింటావిడకూ పైపు దగ్గర గొడవ, అంతా అందులో ఎక్కింది.

"సేట్, గా లొల్లి వచ్చేకాడికి కట్ చెయ్యి" అని క్యాసెట్ ఇచ్చాను. ఆయన చివరిదాకా విన్నాడు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "కట్ చేసుడేంది? పాట సగంల ఆపి నీళ్లకు ఉరికిండ్రు. గిసొంటి బ్యాండు ఇంకేడుంది? ఉండనియ్యి."

నెల తిరిగేసరికి దుకాణానికొచ్చి "భాయ్, వో నల్‌వాలా గానా హై క్యా?" అని ఆ నల్లా పాట కోసం అడిగేవాళ్లు మొదలయ్యారు. పురానాపూల్ దగ్గర ఒక బస్తీ ఫంక్షన్‌లో పాడితే, చివరి చరణం రాగానే ముందు వరుసలో ఆడవాళ్లు "నల్లొచ్చింది!" అని అరిచారు. మేం బిత్తరపోయాం. వాళ్లెవరో మాకు తెలియదు, మా అమ్మ కేక వాళ్లకు తెలుసు. అప్పటినుంచి సేటు ఏ పాట కాపీ తీసినా, పాట ముగియగానే డెక్కు ఆపేవాడు కాదు. ఖాళీ టేపును కాసేపు తిరగనిచ్చేవాడు. ఎవరైనా లేస్తే "జర ఆగు, అయిపోలే" అనేవాడు.

విన్నవాళ్లు చీటీలు రాసి ఒక స్టీలు డబ్బాలో వేసేవాళ్లు. మేం వెళ్లినప్పుడల్లా ఆయన కళ్లద్దాలు పెట్టుకొని, కరెంటు బిల్లు చదివినట్టు చదివి వినిపించేవాడు. పురానాపూల్‌లో బట్టలు కుట్టే ఆవిడ రాసింది నాకింకా గుర్తుంది. 'రెండో పాట మా ఆయనకు నచ్చలేదు. నాకు నచ్చింది. ఆయన బయటికి పోయినంక పెట్టుకొని ఇంటున్న.' ఇన్నేళ్లలో ఫోన్లో మాకొచ్చిన పువ్వులూ హృదయం గుర్తులూ అన్నీ కలిపినా ఆ చీటీకి సరిపోవు. అలాగని ఇంటర్నెట్‌ను తిట్టను. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు కూడా మా పాట వింటున్నారంటే దాని పుణ్యమే.

మేం పాటలు ఫోన్లోకి, నెట్‌లోకి మార్చిన రోజు సేటుకు చెప్పడానికి భయపడుతూ వెళ్లాను. ఆయన తేలిగ్గానే తీసుకున్నాడు. "పెట్టుండ్రి. మస్తుమందికి పోతది. గని కొత్త పాట ఏదున్నా ముందుగాల నాకు ఇనిపియ్యాలె. గీడ కూసోని." చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. చాలా ఏళ్లు నిలబెట్టుకున్నాను. ఫోన్ పట్టుకొని వెళ్లేవాణ్ని, ఆయన వినేవాడు, నేను గుమ్మంలో పచార్లు చేసేవాణ్ని.

ఈ చివరి పాటకు మాట తప్పాను. ఫలానా రోజు ఫలానా గంటకు వదలాలని, లేకపోతే ఎవరికీ కనపడదని ఎవరో చెప్పారు. స్టూడియోలో పాడాం. గోడలకు స్పాంజి, బయటి చప్పుడు ఈగంతైనా లేదు. బేగంబజార్ వెళ్లే తీరిక చిక్కలేదు. తీరిక చిక్కలేదన్నది కూడా సాకే, బండి మీద ముప్పావు గంట దారి. లింకు పంపాను. 'సేట్, వినండి' అని రాశాను. రెండు టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. కోపమొచ్చిందనుకున్నాను. రేపు వెళ్తా, ఈ వారం వెళ్తా అంటూ నాలుగు నెలలు గడిపేశాను. ఆయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయని ఆ నాలుగు నెలల్లో నాకు తెలియనే లేదు.

దహనం నాడు నేను జనంలో వెనకే నిలబడ్డాను. ఆయన విన్నాడా, నన్ను తిట్టుకున్నాడా అన్న ఒక్క ప్రశ్నే నన్ను పొడుస్తూ ఉంది. పది రోజులు నిద్ర సరిగా లేదు.

పదకొండో రోజు దాటాక ఆయన కూతురు ఫోన్ చేసి దుకాణానికి రమ్మంది. ఇప్పుడు దుకాణం చూసుకునేది ఆవిడే. మేం అక్కా అంటాం. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ. లోపలి మూలలోంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో పదకొండు క్యాసెట్లు. అట్టల మీద సేటు రాత. ఒకదాని మీద పురానాపూల్ కుట్టుపని ఆవిడ పేరు. ఒకదాని మీద మా అమ్మ పేరు. అన్నిటి మీదా మా కొత్త పాట పేరు.

"డెక్కుల ఒక దిక్కు ఖరాబైంది గద, క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు తీయరాదు" అంది అక్క. "గందుకే ఫోన్ల పాట పెట్టి, మైకు కాడ వెట్టి తీసిండు బాపు. దినాం గీ యాళ్లకు ఒకటి. నెట్టు తెల్వని పాతోళ్లకంట. నన్ను గూడ మాట్లాడనియ్యలే."

"మరి నాకు జవాబియ్యలేదేంది అక్కా?"

"గా ఫోన్ల రాసుడు బాపుకేడ వస్తది?"

"నా మీద కోపముండెనా?"

అక్క ఒక గిన్నె అందుకొని గుడ్డతో తుడవసాగింది. "కోపం గాదు. పోరడు ఉరుకుతుండు, ఆగినంక వస్తడు, అన్నడు."

నేను ఫోన్ తీశాను. అందులో పాటను ఎంతమంది ఎంతవరకు విన్నారో చూపే గీత ఒకటుంటుంది. అరనిమిషం దగ్గరే చాలామంది వెళ్లిపోతారు, గీత కిందికి పడిపోతుంది. చివరిదాకా సన్నగా సాగే ముక్కను నేనెప్పుడూ పట్టించుకోలేదు. నాలుగు నెలలు రోజూ చూసుకున్న ఆ అంకెలో పదకొండు ఆయనవి. మొత్తం పాట, పదకొండుసార్లు. నేను పాడి, దిద్దించి, ఊరంతా పంచిన పాటను మొదటినుంచి చివరిదాకా కూర్చొని ఒక్కసారి కూడా వినలేదన్నది అప్పుడు తెలిసొచ్చింది. అక్క ముందే ఏడ్చేశాను.

ఆవిడ డెక్కు ఆన్ చేసి మొదటి క్యాసెట్ పెట్టింది. స్టూడియోలో మేం అంత కష్టపడి తరిమేసిన చప్పుళ్లన్నీ పాటలోకి తిరిగొచ్చాయి. హమాలీల కేకలు, స్కూటర్ హారన్, ఎవరో పళ్లాల దొంతర కింద పెట్టడం. వెనకాల ఎక్కడో సన్నగా దగ్గు. నాలుగో క్యాసెట్‌లో దగ్గు కాస్త దగ్గరైంది. ఏడోదాంట్లో రెండో చరణమంతా దగ్గే. నా దమ్ము గురించి అడిగిన మనిషి తన దమ్ము చాలక నా పాట వింటున్నాడు. నేను లేచి గుమ్మందాకా వెళ్లి వచ్చాను. ఇక చాలు అక్కా అన్నాను. ఆవిడ వినలేదు. పదకొండోది పెట్టింది.

అందులో దగ్గు తక్కువగా ఉంది. పాట చెడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడని అక్క చెప్పింది. చివరి చరణం అయింది. గిటార్ ఆగింది. డెక్కు ఆపడానికి లేచాను. మీట మీద వేలు పెట్టాను.

టేపులో గిన్నె ఒకటి ఖంగుమంది. ఎవరో గిరాకీ మనిషి గొంతు, "అయిపోయిందా సేటు?"

"కూసో" అన్నాడు సేటు. "ఇంకా అయిపోలే."

వేలు తీసేశాను. వెనక్కి వచ్చి గంజు మీద కూర్చున్నాను. గిన్నె తుడుస్తున్న గుడ్డను అక్క ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ టేపు తిరుగుతూనే ఉంది, అందులో ఆయన ఊపిరి వస్తూ పోతూ ఉంది.