అరువు హాల్లో చిలక

మా తోటికోడలి నోట "బాగాలేదు" అన్న మాట నేనెప్పుడూ వినలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా "ఫరవాలేదక్కా" అంటుంది. కళ్ళ ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని పలకరించే ఉద్యోగం చేసింది లెండి. ఆ నవ్వు అలాగే ముఖానికి అతుక్కుపోయింది. తర్వాత ఆసుపత్రి మూతబడింది. మా మరిదికి అంతకుముందే పని పోయింది. ఇద్దరూ ఉన్న ఇల్లు ఖాళీ చేసి పక్క వీధిలో ఒంటిగది వాటాలోకి మారారు. అప్పుడూ అదే మాట. "ఫరవాలేదక్కా, ఊడ్చుకోవడం తేలిక."

ఆసుపత్రి నుంచి ఆమె తనతో తెచ్చుకున్నది ఒక్క చిలకని. ఊరొదిలి వెళ్తూ అక్కడి పెద్ద డాక్టరు ఇచ్చిపోయాడు. ఆకుపచ్చది కాదు, బూడిదరంగు ఒళ్ళు, ఎర్ర తోక. ఎవరి మాటకైనా వాళ్ళ గొంతుతోనే బదులు చెప్తుంది. అందుకే మావారు దానికి వకీలు అని పేరు పెట్టారు. ఆ వకీలంటే మా తోటికోడలికి ప్రాణం. దానికి పెట్టకుండా తను తినదు.

అలాంటి వకీలు ఉన్నట్టుండి మాట తగ్గించేశాడు. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగడం. మా పేటలో ఉన్న పశువుల డాక్టరు కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తాడు. "చిలకలు నాకు రావమ్మా" అని ఉన్నమాట చెప్పేసి, పక్షుల్ని వీడియోలో చూసే డాక్టరమ్మ నంబరు ఇచ్చాడు. ఆవిడ ఎక్కడో దూరాన ఉంటుంది. రక్తం తియ్యాల్సొస్తే ఈయన తీసి పంపుతాడు, ఆవిడ పరీక్ష చేయిస్తుంది.

"అక్కా, ఆ వీడియో ఏదో మీ హాల్లో కూర్చుని మాట్లాడనా? మా గదిలో వెలుతురు చాలదు" అంది.

వెలుతురు సంగతి కాదని నాకు తెలియదా? ఒంటిగదిని పరాయివాళ్ళకి చూపించుకోవడానికి నామోషీ. ఆ మాటకొస్తే నేను మాత్రం చూపిస్తానా? రమ్మన్నాను. రమ్మనడమే కాదు, సోఫా మీద ఉతికిన దుప్పటి పరిచాను, గోడ మీది మరక కనబడకుండా కుర్చీ జరిపాను.

పంజరం మోసుకుని ఆయాసపడుతూ వచ్చింది. దాన్ని తళతళా తుడుచుకుంటూ కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తూ, ఊరుకోలేని నోరు కదా, ఎదురింటావిడ మీద పడ్డాను. "చూశావా, భోజనాల డబ్బాలు రిక్షాకెత్తిస్తోంది. ఊళ్ళోవాళ్ళందరికీ వండి అమ్ముకోవడం. ఎంత లేకపోయినా మనింట్లో ఆ ఖర్మ ఎవరికీ పట్టలేదు, అదృష్టం."

"అవునక్కా" అంది, పంజరం తుడుస్తూనే.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది కానీ తొందరపడే మనిషి కాదు. పంజరాన్ని దగ్గరగా చూపించమంది, తోక ఊగడం గమనించింది. పంజరం అడుగున కాగితం చూస్తానంది. మేమేమో శుభ్రంగా మార్చేసి కొత్త కాగితం వేసుకొచ్చాం. "రెట్ట చూస్తే సగం తెలిసేది కదమ్మా" అని నవ్వింది. తర్వాత అడిగింది. "ఎప్పుడూ ఈ హాల్లోనే ఉంటుందా? దగ్గర్లో వంట, పొగ లాంటివి?"

మా తోటికోడలు నా వైపు చూసింది. "హాల్లోనే ఉంటుందండీ" అంది. నేను పక్క నుంచి తలూపాను, ఎవరో నన్ను సాక్ష్యానికి పిలిచినట్టు.

పశువుల డాక్టరు రక్తం తీశాడు. గొంతులో దూదిపుల్ల పెట్టి పరీక్షకి తడి తీస్తుంటే వకీలు గిలగిల్లాడిపోయాడు. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. ఐసు డబ్బాలో అన్నీ పంపించాం. మళ్ళీ వీడియో పెట్టే నాటికి వకీలు గట్టిగా నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు.

ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. "పరీక్షల్లో ఏ జబ్బూ దొరకలేదు. ఊపిరి మాత్రం పాడవుతోంది. ఇక లోపల బూజు పట్టిందేమోనని ఊహించి మందు వెయ్యడమే మిగిలింది. అది గట్టి మందమ్మా. నా ఊహ తప్పయితే ఈ నీరసంలో దాన్ని తట్టుకోలేదు, పోవచ్చు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. గాలి పాడుచేసేది ఏదీ లేదా ఇంట్లో?"

మా తోటికోడలు నీళ్ళు నమిలింది. "ఏమీ లేదండీ. మందు వేసేద్దాం" అంది.

అప్పుడు వకీలు నోరు విప్పాడు. టిక్, టిక్, టిక్. పొయ్యి వెలిగించే లైటరు చప్పుడు. వెంటనే నూనె చుర్రుమన్నట్టు ఓ చప్పుడు. ఆ వెనకాలే దగ్గు. చిలక దగ్గు కాదు, ఆడమనిషి గొంతు మంటెత్తి దగ్గే దగ్గు.

"ఇది పొయ్యి పక్కన ఉండే చిలకలా ఉందే" అంది డాక్టరమ్మ.

నా నోరు ఊరుకుందా? "పక్కింటి వంటిల్లండీ, గోడకి ఆనుకునే ఉంటుంది" అనేశాను.

వకీలు మెడ వంచి నన్ను ఓ కంటితో చూశాడు. మా తోటికోడలి గొంతుతో, గుసగుసగా, తడబడకుండా చెప్పాడు. "అక్క వస్తోంది. కిటికీ వెయ్యండి. డబ్బాలు దాచండి."

ఇన్నాళ్ళూ ఆమె ఊరివాళ్ళకి వెరుస్తోందనుకున్నాను. ఆ కిటికీ మూసింది నాకోసం. ఆ పొగంతా మింగింది నాకోసం. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె నా వైపు చూడలేదు. ఫోను చేతిలోకి తీసుకుంది. "డాక్టరుగారూ, ఇది మా ఇల్లు కాదండీ. మా ఇల్లు చూపిస్తాను, రెండు నిమిషాలు ఉండండి" అంది.

పంజరం నాకు అందించి ముందు నడిచింది. వెనక నేను, దొంగలా. గది తలుపు తియ్యగానే మాడిన నూనె వాసన గుప్పున కొట్టింది. పొయ్యి, దాని పక్కనే పంజరం పెట్టే మేకు, మంచం కింద వరసగా తోమిన డబ్బాలు. కిటికీ సందుల్లో కూడా గుడ్డలు కుక్కారు. పూత లేచిపోయిన నాన్‌స్టిక్ పెనాన్ని ఆమె ఫోను ముందు పెట్టింది. మా మరిది ఉల్లిపాయలు తరుగుతున్నవాడల్లా నన్ను చూసి కత్తి వెనక్కి దాచుకున్నాడు.

"ఆ పెనం వేడెక్కితే వచ్చే ఆవిరే చిలకలకి విషం. ముందు కిటికీ తియ్యండమ్మా. చిలకని ఇక ఆ గదిలో ఉంచకండి. మందు వద్దు" అంది డాక్టరమ్మ. ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు. కోప్పడితే బాగుండేది.

కిటికీ తీసింది నేనే. గడియ తుప్పు పట్టి రాకపోతే రెండు చేతులా లాగాను. "నాతో ఎందుకు చెప్పలేదే?" అని అడగబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు ముఖం ఎక్కడుంది?

"ఫరవాలేదక్కా" అంది ఆమె, నేనేమీ అనకుండానే.

వకీలు ఇప్పుడు మా హాల్లోనే ఉంటున్నాడు. తోక ఊగడం తగ్గింది, తిండి తింటున్నాడు. ఆమె డబ్బాలు పంపేసి, చూసుకోవడానికి రోజూ వస్తుంది, జుట్టంతా తాలింపు వాసనతో. ఆమెని చూస్తే వాడు ఈల వేస్తాడు. మావారిని చూస్తే పేరు పెట్టి పిలుస్తాడు.

నేను మాత్రం నా ఇంట్లో నా హాల్లోకి ఎప్పుడు అడుగుపెట్టినా, వాడు మెడ వంచి గొంతు తగ్గిస్తాడు. "అక్క వస్తోంది. కిటికీ వెయ్యండి."