నూలు గంజితో గళ్ళ రొట్టె

వాఫిల్ పెనం నేను నా కోసమే కొన్నాను. పిల్లలు అడిగారనో, చుట్టాలు వస్తున్నారనో చెప్పుకోవడానికి మా ఇంట్లో పిల్లలు లేరు, వచ్చే చుట్టాలూ తక్కువే. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు నలభై దాటాక ఒక్కొక్కరే తగ్గిపోయారు. అందుకు నాకేమీ బాధ లేదు, చెవులకు విశ్రాంతి దొరికింది. గద్వాలలో మా నాయిన, నేను ఉంటాం. నేను వనపర్తిలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున్నే బస్సెక్కి పోయి సాయంత్రం తిరిగి వస్తాను.

వనపర్తి బస్టాండు ఎదురుగా ఈ మధ్య ఒక వాఫిల్ బండి పెట్టారు. ఒకరోజు బస్సు ఎంతకీ రాకపోతే, ఆకలికి ఆగలేక ఒకటి తిన్నాను. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంది. లెక్కల టీచరు చాక్లెట్ పూసుకుని తింటుంటే పిల్లలు చూసి నవ్వుతారని బండి వెనక్కి పోయి నిలబడ్డాను. ఆ తర్వాత బస్సు టైముకే వచ్చిన రోజుల్లో కూడా తిన్నాను. ఇలా కాదని సామాన్ల దుకాణంలో అడిగితే, కీలు బిగించిన రెండు బరువైన పలకలు, పొడుగాటి పిడులు ఉన్న పెనం ఒకటి తీసి చూపించాడు.

"కరెంటుది గాదు మేడం, గ్యాస్ పొయ్యి మీదిదే. ఒక దిక్కు కాలినంక గిట్ల తిప్పి ఇంకో దిక్కు కాల్చాలె," అన్నాడు దుకాణం ఆయన.

ఇంటికి తెచ్చి నాయిన చేతిలో పెట్టాను. ఏ కొత్త వస్తువైనా ముందు ఆయన చేతిలో పెట్టాల్సిందే, ఎందుకంటే ఆయనకు చూపు లేదు. నీటికాసులన్నారు డాక్టర్లు. ఎన్ని దవాఖానలు తిరిగినా పోయిన చూపు రాలేదు. వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తాయి. ఆయన పెనం తెరిచి లోపలి గడుల మీద వేళ్ళు పోనిచ్చాడు. అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

"ఏంది బిడ్డా ఇది, గళ్ళ చీరలెక్కున్నది?"

"రొట్టెలు చేసేది నాయినా."

"అట్లనా. గళ్ళ రొట్టె," అన్నాడు. మా ఇంట్లో దానికి ఆ పేరే ఖాయమైంది.

మా నాయిన నేతగాడు. ముందు గదిలో మగ్గం ఉంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గం. గద్వాల చీరకు నడుమంతా నూలు, రెండు అంచులూ పట్టు. అంచులకు వేరే నాడెలు, అంటే పోగును అటూ ఇటూ మోసే కొయ్యలు, తిరగాలి. అందుకే ఆ చీర ఒక్కరి చేతితో పూర్తయ్యేది కాదు, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె వేస్తుండాలి. చిన్నప్పుడు ఆ పక్క చోటు నాదే. బడి నుంచి రాగానే కూర్చునేదాన్ని. తోటి పిల్లలు ఆడుకునే వేళంతా నాకు అక్కడే గడిచింది. పదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం, రేపు పరీక్ష పెట్టుకుని కూడా కూర్చోమంటున్నారన్న కసితో, నాడెను గోడకేసి కొట్టి, "సచ్చినా ఈ మగ్గం కాడ కూసోను" అన్నాను. నాకు అప్పటికీ ఇప్పటికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. మర్నాటి నుంచి ఆ చోట అమ్మ కూర్చుంది.

నిరుడు అమ్మ పోయింది. జ్వరమని పడుకున్న మనిషి వారం తిరక్కుండానే పోయింది. అప్పటికే నాయిన చూపు చాలావరకు మసకబారింది, ఆ తర్వాత కొద్ది నెలలకే మిగిలిందీ పోయింది. మగ్గం మీద చీర ముగియకుండానే ఆగిపోయింది. నేనే దాని మీద పాత ధోవతులు కప్పాను. కళ్ళు లేని మనిషి ఇంకేం నేస్తాడులే అనుకున్నాను. ఆ మాట ఆయనను అడగలేదు, నాకు నేనే అనుకున్నాను.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి నాయిన మోకాలి కింద చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. ఏమైందంటే గుంట దగ్గర గీసుకుందన్నాడు. పగలంతా ఒంటరిగా ఉండే మనిషి, చూపు లేదు, నట్టింట్లో నడుం లోతు గుంట. భయమేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో కేకలు వేశాను. గుంట పూడ్పించేస్తానని, మగ్గం విప్పించేస్తానని అన్నాను.

"నీ ఇష్టం బిడ్డా," అన్నాడు నాయిన.

ఆయన ఒప్పుకున్నాడని నేను లెక్కవేసుకున్నాను. మేస్త్రీతో మాట్లాడాను, సోమవారం పొద్దున వస్తానన్నాడు. ఆదివారం ఉదయం ట్రాక్టరు మట్టి వచ్చి వాకిట్లో పడింది. ఆ చప్పుడుకు నాయిన గదిలోంచి బయటికి రాలేదు. మధ్యాహ్నం అన్నం కూడా రెండు ముద్దలకే చెయ్యి కడిగేశాడు. నాకు మనసు చివుక్కుమంది. మాటతో ఓదార్చడం నాకు చేతకాదు. అందుకని సాయంత్రం కొత్త పెనం పొయ్యి మీద పెట్టాను.

మైదా, ఒక గుడ్డు, చక్కెర, కాస్త వంటసోడా, కరిగించిన వెన్న, పాలు. పిండి కలిపి, పలకలకు వెన్న పూసి, గరిటెడు పోసి మూశాను. ఆగలేక వెంటనే తెరిచాను. రొట్టె అడ్డంగా రెండు పొరలుగా చీలి, సగం పై పలకకూ సగం కింది పలకకూ అంటుకుపోయింది. చాకుతో గీకి పారేశాను. రెండోదానికీ అదే గతి పట్టింది. పెనాన్నీ, దాన్ని అమ్మినవాణ్ణీ కలిపి తిట్టాను.

గీకుతున్న చప్పుడు విని నాయిన వంటింటి గుమ్మం దాకా వచ్చి కూర్చున్నాడు.

"ఎందుకు తెరుస్తున్నవ్ అప్పుడే? అంటుకున్నది గట్టిపడేదాంక ఆగాలె గద. పిండి కూడ చిక్కగున్నట్లున్నది, గరిటె సప్పుడుకే తెలుస్తున్నది. జర పల్చన చెయ్యి."

పలుచన చేయడానికి పాలు లేవు, మిగిలిన కాసిని పొయ్యి మీద విరిగిపోయాయి. చుట్టూ చూస్తే బియ్యం డబ్బా వెనక మూత పెట్టిన ఇత్తడి గిన్నె ఒకటి కనిపించింది. తీసి చూస్తే గంజి. మా ఇంట్లో ఇప్పటికీ అన్నం వార్చి వండుతాం, ఆ గంజిలో ఉప్పేసుకుని తాగుతాం. పొద్దున నేనే దాచి మరిచిపోయాననుకుని ఒక గరిటెడు పిండిలో పోసి కలిపాను.

"ఇప్పుడు పోసి మూయి. నేను చెప్పేదాంక తెరవకు," అన్నాడు నాయిన.

లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు అని బడిపిల్లల్లా కాదు. ఒక్కో అంకెకు మగ్గం తొక్కినట్టు ఒక్కో కాలు నేలకు నొక్కుతూ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. అరవై కాగానే "తిప్పు" అన్నాడు. పిడులు పట్టుకుని తిప్పాను. ఇంకో అరవై లెక్కపెట్టి "తీయి" అన్నాడు. పలక ఎత్తితే రొట్టె దానంతట అదే వదులుకుని వచ్చింది. ఎర్రగా కాలి, గడులన్నీ తీరుగా ఉన్నాయి. బండి దగ్గర తిన్నదానికంటే బాగుందని చూస్తేనే తెలిసింది.

సగం విరిచి ఆయన చేతిలో పెట్టాను. గడులు తడుముకుని కొరికాడు. కరకరమన్న చప్పుడు నాకు వినిపించింది. రెండోసారి కొరకబోయి ఆగిపోయాడు.

"ఇంట్ల గంజి పోసినవా?"

"పాలు విరిగిపోయినయి నాయినా. డబ్బా వెనక గిన్నెలుంటే పోసిన. ఏం, పాడైందా?"

"ఉప్పు లేదు. పల్లీ నూనె వాసనొస్తున్నది," అని రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అది తాగే గంజి గాదు బిడ్డా. నూలు గంజి."

నూలు గంజి అంటే పోగులకు రాసేది. మగ్గం మీద నిలువుగా చాచిన పడుగు పోగులకు కుంచెతో రాస్తారు, అవి బిరుసుగా ఉండి తెగకుండా. అందులో ఉప్పు వెయ్యరు, రెండు చుక్కల నూనె వేస్తారు. నేతగాళ్ళ ఇంట పుట్టి, రెండు గంజులకూ తేడా తెలియకుండా రొట్టెల్లో పోసుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. కానీ అప్పుడు నాకు సిగ్గు రాలేదు. మరో ప్రశ్న వచ్చింది. మగ్గం ఆగి ఇన్ని నెలలైతే ఈ ఇంట్లో నూలు గంజి ఎందుకుంది?

పొయ్యి ఆపేసి ముందు గదికి పోయి ధోవతులు తీశాను. పడుగు మీద దుమ్ము లేదు. చెయ్యి పెట్టి చూస్తే పోగులు బిరుసుగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కటి కూడా తెగలేదు.

నాయిన గోడ పట్టుకుని నా వెనకే వచ్చాడు.

"నువ్వు బడికి పోయినంక రెండు దినాలకోపారి రాస్తున్న. ఎండితే పోగులు తెగుతయి. తెగిన పడుగు ఇంట్ల పెట్టుకోగూడదు."

"అంటే ఆ దినం గుంటల పడలేదా నువ్వు?"

"పడలే. దిగిన. దిగేటప్పుడు కాలు గీసుకున్నది."

గోడకు చేరబడ్డాను. ఆ మగ్గం పక్క నుంచే రోజూ చెప్పులు వేసుకుని బస్సుకు పోయాను, ఒక్కనాడు ఆ ధోవతి ఎత్తి చూడలేదు. ఆయన కళ్ళు పోయాయని ఊరందరికీ చెప్పుకున్నాను. నా కళ్ళ సంగతి నాకు తెలియలేదు.

"నేస్తవా నాయినా? కండ్లు లేకుంట?"

"కండ్లదేమున్నది. మగ్గం దెబ్బ చెవికి తెలుస్తది, పోగు చేతికి తెలుస్తది. యాభై ఏండ్ల సంది కండ్లతోటి నేసిననా నేను? పక్కకు మనిషి లేకపాయె, గంతే."

"మరి నన్నెందుకు అడగలే?"

"సచ్చినా కూసోనంటివి గద."

పదిహేనేళ్ళ పిల్ల కోపంలో అన్న మాట. ఆ పిల్ల మరిచిపోయింది. ఆయన మాత్రం అది మాట కాబట్టి నిలబెట్టుకున్నాడు, అమ్మ పోయాక కూడా, మట్టి వచ్చి వాకిట్లో పడ్డాక కూడా. నేను ఏడ్చాను. నిలబడే, కొంగు అడ్డం పెట్టుకుని, చాలాసేపు ఏడ్చాను. ఆయనకు వినిపించింది. ఓదార్చడం ఆయనకూ చేతకాదు, నాకు ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

మేస్త్రీకి ఫోన్ చేసి కొన్నాళ్ళు ఆగమన్నాను. చీర ముగియడానికి రెండు మూరలే మిగిలి ఉన్నాయి. రోజూ సాయంత్రం బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, పక్క చోట కూర్చునేదాన్ని. మొదటి రెండు రోజులు నాడె నా చేతిలో నిలవలేదు. ఆయన నేసిన నూలు భాగం గీత గీసినట్టు వచ్చేది. చూపున్న నేను వేసే అంచు ఒకచోట బిగిసేది, ఒకచోట జారేది.

"నీ దిక్కు వదులైంది బిడ్డా, ఇప్పు," అనేవాడు అంచు మీద బొటనవేలు పెట్టి. విప్పి మళ్ళీ వేసేదాన్ని. బడిలో నేను పిల్లలతో లెక్కలు కొట్టేయించి మళ్ళీ చేయించేటప్పుడు ఇంత ఓపిగ్గా చెప్పనని నాకు తెలుసు.

నేత అయ్యాకే రొట్టెలు. వెన్న చేతులతో పట్టు ముట్టుకోగూడదు. పొయ్యి దగ్గర నేను పోస్తే ఆయన లెక్కపెట్టేవాడు. పిండిలో ఇప్పుడు తెలిసే ఒక గరిటె నూలు గంజి పోస్తున్నాను. దాంతోనే ఆ కరకర వస్తుంది, పాలతో రాదు. మూడు నాలుగు రొట్టెలు అయ్యేదాకా ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం, ఎక్కువగా అమ్మ గురించి. ఆమె పోయాక మేం ఆమె గురించి అంతగా మాట్లాడుకున్నది అప్పుడే.

పన్నెండో సాయంత్రం చీర ముగిసింది. కొయ్యమని కత్తెర నా చేతికిచ్చాడు. నేను ఆయన చేతికే ఇచ్చాను. కోసి, చీరను ఒళ్ళోకి లాక్కుని, అంచు పట్టుకుని మొదటి నుంచి వేలు జరుపుకుంటూ పోయాడు. ఆ వేలు ఒకచోట ఆగింది.

"ఈడిదాంక మీ అమ్మ," అన్నాడు.

దీపం దగ్గరికి తెచ్చి చూశాను. నాకు ఏ తేడా కనబడలేదు.

"మీ అమ్మ మొదలువెట్టిన చీర అయిపాయె. ఇగ పూడ్పియ్యి బిడ్డా," అన్నాడు నాయిన.

సోమవారం మేస్త్రీ వచ్చాడు. నేను బడికి సెలవు పెట్టాను. తట్టలతో మట్టి తెచ్చి గుంటలో పోస్తున్నంతసేపూ నాయిన వాకిట్లో చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంచు మీద ఆ చోటి నుంచి వేలు తీయలేదు.