తడి చేతులు

కళాశాల కింది అంతస్తులో కప్పల గది ఆయనది. కాగితాల మీద ప్రయోగశాల సహాయకుడు, పిల్లల నోట కప్పల బాబాయి. తొట్లు కడగడం, నీళ్లు మార్చడం, మేతకు పురుగులు వేయడం, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పాఠం చెప్పడం ఆయన పని కాదు. కానీ ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేదు.

కొత్త పిల్లలు గుమ్మంలో అడుగు పెట్టగానే పట్టుకునేవాడు.

"గొంతు కింద చూడండి, ఎలా ఆడుతోందో. మనలా ఛాతీ పొంగించి గాలి పీల్చుకోవడం దానికి రాదు. నోట్లోకి తీసుకుని లోపలికి నెట్టుకుంటుంది. నోరు మూసుకుంటేనే దానికి ఊపిరి. మీరూ కాస్త నేర్చుకోండి."

వాళ్ల నవ్వులు అయ్యేదాకా ఆగి అసలు సంగతి చెప్పేవాడు. "చర్మంతో కూడా పీలుస్తుంది. నీళ్లలో మునిగితే ఇక చర్మమే దిక్కు. తడి చేతులతోనే పట్టుకోవాలి. చేతికి ఏది అంటుకున్నా దాని ఒంట్లోకి పోతుంది. సబ్బు పేరెత్తారో, ఊరుకోను."

అన్న మాట ప్రకారం ఆ గదిలోకి సబ్బుబిళ్లను అడుగు పెట్టనివ్వలేదు. అధికారులొచ్చినా సరే, మంచినీళ్లతో మూడుసార్లు కడుక్కుని రావలసిందే.

అలాంటి గదిలో కప్పలు చావడం మొదలైంది. అవి పరిశోధన చేస్తున్న అమ్మాయివి. నలభై కప్పలు, మూడేళ్ల చాకిరీ. మూడు వారాల్లో పదకొండు పోయాయి. దెబ్బ లేదు, పుండు లేదు. సాయంత్రానికి వడలిపోయి, తెల్లారేసరికి వెల్లకిలా తేలేవి. ఆ అమ్మాయి తిండి మానేసి తొట్ల చుట్టూ తిరిగింది. ఆయన పురుగులు అమ్మేవాడి మీదికి వెళ్లి నానా మాటలూ అని వచ్చాడు.

శాఖ పెద్ద మేడమ్ మాత్రం అమ్మాయిదే తప్పని తేల్చేసింది. "నీ తొట్లకు నీళ్లు పోసుకునేది నువ్వే. క్లోరిన్ పోయేదాకా నిలవ ఉంచకుండా కొళాయి నీళ్లు పోశావు. ఇది నీ అజాగ్రత్తే. శుక్రవారం మధ్యాహ్నానికి నీ పరిశోధన ఆపేయమని రాసి పంపుతున్నాను."

ఆ అమ్మాయి ఏడవలేదు. మిగిలిన కప్పలను మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

గురువారం భోజనం డబ్బా విప్పి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఘాటుగా, చల్లగా తగిలింది. నెల రోజులుగా ఇంట్లో ఆవిడకు ఆయాసం. పొద్దున్నే ఛాతీకీ వీపుకీ అరగంట కర్పూరం మందు రాస్తే గానీ ఆవిడకు ఊపిరి తిరగదు. అది రాసి, పరుగున బస్సెక్కి వచ్చి, మంచినీళ్లతో చేతులు కడుక్కుని, ఆ అమ్మాయి పరిశోధన కోసం రోజూ ఒక్కో కప్పనూ ఎత్తి త్రాసు మీద పెట్టేది ఆయనే. ఆ మందు నీళ్లకు వదిలే రకం కాదు. సబ్బుకైతే వదిలేది.

ముద్ద ఉమ్మేసి వేళ్లు వాసన చూసుకున్నాడు. ఊరందరికీ నీతులు చెప్పి తన చేతులతోనే చంపుకున్నాడు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. డబ్బా మూసి, తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాడు.

మేడమ్ ఓపిగ్గానే వింది. "ఆ పిల్లంటే మీకు అభిమానం, నాకు తెలుసు. లేని నేరం నెత్తిన వేసుకోకండి. ఇరవై రెండేళ్లలో మీ చేతుల్లో ఒక్కటీ పోలేదు. చేతులు కడుక్కునే ముట్టుకున్నానంటున్నారు కూడా. ఎలా నమ్మమంటారు?"

మంచిపేరు అలా కూడా కొంప ముంచుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

శుక్రవారం పొద్దున ఇంట్లో ఆవిడకు ఎప్పటిలాగే మందు రాసి వచ్చాడు. మేడమ్‌ను గదిలోకి పిలిచాడు. ఆవిడ చూస్తుండగా మూడుసార్లు చేతులు కడిగాడు. నీరసంగా ఉన్నదాన్ని తీస్తే ముందే జబ్బుదంటారని, అన్నిట్లోకీ హుషారైనదాన్ని వెతికి పట్టుకున్నాడు.

అమ్మాయి అడ్డం వచ్చింది. "వద్దు బాబాయ్. నా చదువు పోతే పోనివ్వండి."

"తప్పుకో తల్లీ."

కప్ప పెనుగులాడలేదు. అలవాటైన చేయి కదా, గుప్పిట్లో ఒదిగి కూర్చుంది. గొంతు కింద చర్మం చకచకా ఆడుతోంది. కాసేపటికి కాళ్లు సడలాయి. గొంతు ఆగి ఆగి కదిలింది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నా చేయి తీయలేదు.

"చాలు, వదలండి," అంది మేడమ్.

నీళ్లలో వదిలాడు. అది కాళ్లు చాపుకుని అడుక్కి దిగిపోయింది. ముగ్గురూ వంగి చూశారు. ఎంతసేపటికీ కదలలేదు. పరిశోధన ఆపేయమని రాసి తెచ్చిన కాగితాన్ని మేడమ్ నిలువునా చింపేసింది.

"నమ్ముతున్నాను," అంది మెల్లగా. "ఆ అమ్మాయి తప్పేం లేదు. పదండి."

ఆయన తొట్టి దగ్గర నుంచి లేవలేదు.

"ఇంకొంచెంసేపు చూద్దాం మేడమ్. లేస్తుందేమో."