పురిటికొచ్చిన నారాయణ పక్షులు

నా లారీలో ఇసుక ఎక్కింది, ఇటుక ఎక్కింది, నరికిన చెట్ల మొద్దులు ఎక్కాయి, ఆదివారం పూట లిటిల్ ఇండియాకు పోయే కూలీలూ ఎక్కారు. వీటిలో దేనికీ దుప్పటి కప్పమని నన్నెవరూ అడగలేదు. కొంగ బొమ్మలకు దుప్పటి కప్పి, గతుకుల్లో మెల్లగా పోనిమ్మని చెప్పినవాడు వీరాస్వామి ఒక్కడే. నాకు ఒళ్ళు మండింది. "డ్రైవరువి నువ్వా, నేనా?" అని కసిరాను కూడా.

నా పేరు సాంబశివరావు. సింగపూరు వచ్చి పాతికేళ్ళు దాటింది. బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాటు, నా మాట ఎప్పుడూ వినని భార్య తారాదేవి, నేనేది అడిగినా అలాగేలే అన్నట్టు "కెన్ లా" అనే కూతురు. చెట్లు కొట్టే ఒక కంట్రాక్టరు దగ్గర లారీ తోలేవాణ్ణి. కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా గుండెలు బాదుకున్న రోజులవి. మెడలో కార్డులు వేలాడేసుకున్న మన తెలుగు కుర్రాళ్ళు విమానాల నిండా దిగుతున్నారు, రాఫెల్స్ ప్లేస్‌లో మధ్యాహ్నం పూట భోజనాల దగ్గర తెలుగే వినబడుతోంది. వాళ్ళ కంపెనీలకు భవనాలు కావాలి, భవనాలకు నేల కావాలి, నేల మీదున్న చెట్లు పోవాలి. ఆ చెట్లు కొట్టేది మేము. అందుకని నాకు వాళ్ళ మీద కోపమేమీ లేదు, నా ఇంట్లో పొయ్యి కూడా ఆ చెట్ల మీదే వెలిగింది.

వీరాస్వామిది శ్రీకాకుళం జిల్లా. ఊళ్ళో తాటిచెట్లెక్కేవాడు. షిప్‌యార్డులో ఓడల అడుగున తుప్పు గోకడానికి వచ్చి, అక్కడ పని పడిపోతే మా కంట్రాక్టరు దగ్గర చేరాడు. తాడు నడుముకు కట్టుకుని చెట్టు చిటారుకు పోయి కొమ్మలు దింపేవాడు అతనే. నల్లగా, సన్నగా ఉండేవాడు. చెట్టు మీద పిల్లిలా తిరిగే మనిషి నేల మీద మాత్రం అడుగు చూసుకుని వేసేవాడు. ఎవరితోనూ తగువు లేదు. సంపాదించినదంతా ఇంటికి పంపి, ఊళ్ళో ఉన్న భార్య కొండమ్మకు వారానికోసారి ఫోన్ చేసేవాడు. అయిదు నిమిషాల మాటల్లో రెండు నిమిషాలు పక్షుల గురించే ఉండేవి.

వాళ్ళ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. చలికాలం ముందు గూడబాతులూ, కొంగలూ ఎక్కడినుంచో వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని ఆడపడుచులంటారు. ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టే లెక్క. అవి ఉన్నన్నాళ్ళూ చెట్ల మీద కత్తి పడదు, దీపావళికి టపాసు పేలదు. గూటిలోంచి పిల్ల జారిపడితే ఎవరో ఒకరు ఇంటికి తీసుకుపోయి చేపముక్కలు పెట్టి పెంచుతారు. పక్షులు ఆలస్యమైతే ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి ఆకాశం కేసి చూస్తారట.

"మాకు ఇద్దరూ మగపిల్లలే బాబూ," అన్నాడు ఒకసారి. "మా ఇంటికి పురిటికొచ్చినోలు అయ్యే."

అలాంటి మనిషికి పడింది ఈ పని. ఒక కాలవ పక్కనున్న పెద్ద చెట్లన్నీ కొట్టేయాలి. ఆ చెట్ల మీద నారాయణ పక్షులు ఏటా గూళ్ళు కడతాయి. కొంగ జాతే, బూడిదరంగు ఒళ్ళు, పొడుగు మెడ, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు. చైనా కొత్త సంవత్సరం సెలవులు కాగానే చెట్లు కొట్టాలి. ఈలోగా పక్షులను వేరే చోటికి మళ్ళించగలరేమో చూడమని సర్కారువాళ్ళు యూనివర్సిటీకి అప్పజెప్పారు. అక్కడినుంచి వచ్చిన పరిశోధకురాలు మన వరంగల్ పిల్లే, పేరు నిఖిల.

ఆమె ఉపాయం బొమ్మలు. కాస్త దూరంలో ఉప్పునీటి చెరువు, చుట్టూ మడచెట్లు ఉన్నాయి. ఆ ఒడ్డున అచ్చం నారాయణ పక్షులంత బొమ్మలు నిలబెడితే, తమవాళ్ళు ఇక్కడ ఉన్నారనుకుని నిజం పక్షులు దిగి గూళ్ళు కట్టుకుంటాయి. వెనకటి వేటగాళ్ళు ఇలాంటివాటిని దీమం పిట్టలనేవారు. వాళ్ళు పెట్టేది చంపడానికి, ఈమె పెట్టేది బతికించడానికి.

మొదటిరోజు మావాళ్ళు బొమ్మలను మెడ పట్టుకుని, చేతికి రెండేసి మోసుకుపోయారు. బురదలో కాళ్ళు దిగబడి, ఒకదానికొకటి కొట్టుకుని ముక్కులు విరిగాయి. ఒంటి మీద మఖమల్ లాంటి నూగు ఉంటుంది, అది రాసుకుపోయి లోపలి ప్లాస్టిక్ మెరిసింది. నిఖిల నెత్తిన చేతులు పెట్టుకుంది. మెరిస్తే పక్షి దగ్గరకు రాదట.

మర్నాటినుంచి మోత వీరాస్వామిది. పాత దుప్పట్లు కోసి బొమ్మకొక సంచి కుట్టాడు. మెడకు వేరే తొడుగు. కాళ్ళకుండే ఇనుపచువ్వలు ఊడదీసి విడిగా కట్ట కట్టాడు. వెదురుబద్దకు రెండు పక్కలా ఉట్లు వేలాడదీసి, కావిడి కట్టి, బురద మీద వేసిన పలకల వెంట ఒక్కటి కూడా తగలకుండా నడిచిపోయేవాడు. తడిసిన సంచిలో బొమ్మ పెడితే బూజు పడుతుందని ముందు సంచులు ఎండగట్టేవాడు. కావిడి చూసి తమిళ కూలీలు, మురుగనుకు ఏం మొక్కుకున్నావని ఆటపట్టించారు. వీరాస్వామి నవ్వి ఊరుకున్నాడు. నిజానికి అతనికి మొక్కు ఉంది. ఆ పాత చెట్లు ఎక్కి కొట్టాల్సింది తనే. పక్షులు ముందే తరలిపోతే ఖాళీ చెట్టు కొడతాడు. తరలిపోకపోతే పురిటింటి మీద కత్తి వేయాలి, లేదా పని వదులుకోవాలి. పర్మిట్ మీద బతికే మనిషికి పని పోవడమంటే దేశం విడిచిపోవడమే.

పక్షులు రావడం మొదలైంది. సాయంత్రం పూట చెరువు మీద ఒకటీ రెండూ చుట్టు తిరిగి, కాళ్ళు కిందికి దించి, మళ్ళీ లేచిపోతున్నాయి. ఇంకొద్ది రోజులు ఓపిక పట్టండి, దిగుతాయని నిఖిల చెప్పింది. వీరాస్వామి ముఖం చూస్తే, ఇంట్లో పెళ్ళివారు దిగుతున్నారన్నంత సంబరం.

ఆ సంబరమే కొంప ముంచింది.

శుక్రవారం నిఖిల రాలేదు. నేను లారీ ఆపి వెళ్ళేసరికి వీరాస్వామి బొమ్మలన్నిటినీ వరసగా గడ్డి మీద నిలబెట్టి, బకెట్ నిండా నురగ చేసి, ఒక్కొక్కదానికి తలంటు పోస్తున్నాడు. కూలీలుండే డార్మిటరీలో బట్టలుతుక్కునే సబ్బుపొడి. మెడ వంపులో, రెక్కల కింద, చంటిపిల్లలకు రుద్దినట్టు మెత్తటి గుడ్డతో రుద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"బురద కొట్టుకుపోయి ఉన్నారు బాబూ. అక్కలు మాసిపోయి కనిపిత్తే సెల్లెల్లు ఏ దైర్నంతో దిగుతారు? ఈ ఇంట్లో మనల్ని సూసే దిక్కు నేదనుకోరా?"

నాకు అది సబబుగానే తోచింది. ఆడపిల్ల పుట్టింటికి వస్తే తలంటు పోయని ఇల్లు మనవైపు ఎక్కడుంది? బొమ్మలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మేమిద్దరం కలిసే వాటిని ఒడ్డున నిలబెట్టాం.

ఆ సాయంత్రం వచ్చిన పక్షులు చుట్టు కూడా తిరగలేదు. చెరువు దగ్గరికి వచ్చీ రాగానే అరుచుకుంటూ పక్కకు తప్పుకుని పోయాయి. మర్నాడూ అంతే. ఆ పై రోజు ఒక్కటీ రాలేదు.

నిఖిల వచ్చి ఒక బొమ్మను దగ్గరకు తీసుకుని వాసన చూసింది.

"సబ్బు పెట్టినవా అన్నా?"

వీరాస్వామి తలూపాడు.

ఆమె కోప్పడలేదు, అదే నయం. నెమ్మదిగా చెప్పింది. బట్టలు తెల్లగా కనబడటానికి సబ్బుపొడిలో ఏదో మందు కలుపుతారు. అది మన కంటికి ఆనదు, పక్షి కంటికి మాత్రం మంటలా వెలుగుతుంది. "వాటికి అవి పక్షుల్లెక్క కనిపిస్తలేవు అన్నా. దీపాలు పెట్టినట్టు కొడుతున్నయి. ఉత్త నీళ్ళతోనే కడగాలని నేనే ముందు చెప్పాల్సుండె," అంది.

 వీరాస్వామి నావైపు తిరిగి, "గుమ్మం దాకా వచ్చినోల్లని నా సేతుల్తో నానే తోలీసినాను," అన్నాడు. 

తర్వాత అతను పడిన పాట్లు చూడాలి. బొమ్మలను ఉత్త నీళ్ళలో నానబెట్టాడు, ఎండబెట్టాడు, వానలో పెట్టాడు, చెరువు మట్టి పూసి మళ్ళీ కడిగాడు. నిఖిల కొత్త రంగు తెచ్చి వేసింది. అన్నాళ్ళూ ఒడ్డు ఖాళీగా ఉంది. సబ్బు పోయింది గానీ, రోజులు కూడా పోయాయి. అవి గుడ్లు పెట్టే వేళకొచ్చిన పక్షులు. వాటికి మనలా ఆగడం కుదరదు.

బొమ్మలు మళ్ళీ నిలబడ్డాక పక్షులు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. మొదటి జంట బొమ్మ పక్కనే దిగి, దాని ముఖంలోకి చూసి, పైనున్న మడచెట్టు మీదికి పుల్ల మోసుకుపోయింది. నిఖిల నా చెయ్యి పట్టుకుని గంతులేసింది. తర్వాత రోజుకు కొన్ని చొప్పున వచ్చి చేరాయి. ఆఫీసు వాళ్ళు ఫొటోలు తీసుకుని పోయారు. అందరూ పని ఫలించిందన్నారు.

వీరాస్వామి మాత్రం రోజూ పని కాగానే కాలవ దగ్గరి పాత చెట్ల కిందికి వెళ్ళి మెడ ఎత్తి చూసేవాడు. చెరువు ఒడ్డు ఖాళీగా ఉన్న రోజుల్లో, ఆగలేని కొన్ని జంటలు వెనక్కి పోయి పాత చెట్టు మీదే గూళ్ళు కట్టేశాయి. ఎక్కువ కాదు, మూడే. మూడింటిలోనూ పిల్లలు లేచాయి.

నిఖిల ఆఫీసుల చుట్టూ తిరిగింది. పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఆ ఒక్క చెట్టూ ఆపమంది. చెరువు దగ్గర అన్ని గూళ్ళుండగా ఈ మూడింటి కోసం పని ఆపలేమన్నారు. నేను వీరాస్వామికి నచ్చజెప్పబోయాను. "నువ్వెక్కకపోతే ఇంకొకడు ఎక్కుతాడు. పిల్లలు ఎలాగూ దక్కవు. నీ నోటి దగ్గరి కూడు ఎందుకు పోగొట్టుకుంటావు?" అన్నాను. నేనన్నదాంట్లో తప్పేమీ లేదు. ఈనాటికీ లేదనే అంటాను.

"ఇంకోడెక్కితే అది ఆడి కర్మ బాబూ," అన్నాడు.

సెలవులు అయిపోయాయి. ఆ పొద్దున మేస్త్రీ తాడు తెచ్చి అతని ముందు పడేశాడు. వీరాస్వామి తాడు తీసుకుని చక్కగా చుట్ట చుట్టి, తిరిగి అతని చేతిలో పెట్టాడు. మేస్త్రీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎగిరిపడ్డాడు.

"నో క్లైంబ్, గో హోమ్ లా!"

"గో హోమ్," అన్నాడు వీరాస్వామి. దణ్ణం పెట్టి, ఒక్కసారి చెట్టు పైకి చూసి, రోడ్డు మీదికి నడిచిపోయాడు.

చెట్టు మధ్యాహ్నానికి పడింది. ఇంకొకతను ఎక్కి గూళ్ళు దింపే ప్రయత్నం చేశాడు. పాపం, అతనికీ చేతులాడలేదు. దింపిన పిల్లలను నిఖిల అట్టపెట్టెలో పెట్టుకుని, పక్కన కూర్చుని చేపముక్కలు నోటికందిస్తూనే ఉంది. పొద్దువాలేలోగా ఒకదాని తర్వాత ఒకటి తల వాల్చేశాయి. తల్లిపక్షులు పడిపోయిన చెట్టు మీద ఖాళీ గాలిలో తిరుగుతున్నాయి. నేను మొద్దులు లారీకెత్తించుకున్నాను. అది నా పని.

సాయంత్రం డార్మిటరీకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సిందేమో. కానీ అతను నా కోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. అప్పటికే పర్మిట్ రద్దు కాగితాలు ఇచ్చేశారు, వారంలో విమానం.

"పిల్లగుంటలు?" అన్నాడు.

 తల అడ్డంగా ఊపాను.

అతను ఏడవలేదు. లోపలికి వెళ్ళాడు. అక్కడ వరసగా పంపులుంటాయి, పని నుంచి వచ్చినవాళ్ళు స్నానాలు చేస్తుంటారు. కట్టుకున్న బట్టలు కట్టుకున్నట్టే పంపు కింద కూర్చుని, తిప్పి వదిలాడు. చొక్కా, ప్యాంటు, జేబులో ఉన్న కాగితాలు, అన్నీ తడిసిపోయాయి. దోసిళ్ళతో నెత్తి మీద పోసుకుంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. చావు కబురు విన్నప్పుడు మన ఇళ్ళల్లో చేసే స్నానం అది. నా తండ్రి పోయిన కబురు అందినప్పుడు కూడా నేను అలా చెయ్యలేదు, డ్యూటీకి వెళ్ళిపోయాను.

పంపుల దగ్గరున్న బంగ్లాదేశీయులూ, తమిళులూ తమ పని ఆపి చూస్తున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, ఇతని ఇంట్లో ఎవరైనా పోయారా అని తగ్గు గొంతుతో అడిగాడు.

పక్షులని చెప్పబోయాను. 

"వాళ్ళమ్మాయి పిల్లలు," అన్నాను.

ఆయన వెనక్కి వెళ్ళి మిగతావాళ్ళకు చెప్పాడు. ఒక్కొక్కరే తమ పంపులు కట్టేశారు. అతని స్నానం అయ్యేదాకా ఎవరూ బకెట్ ముట్టుకోలేదు.